బ్యాంకాక్‌లో రెండో రోజు: అందరూ నవ్వుతున్నారు, ఎవర్ని నమ్మాలో తెలియట్లేదు

గోదారిగట్టు
నిన్న పొద్దున బ్యాంకాక్‌లో దిగాను. ఒక్కడినే. నలభై రెండేళ్లొచ్చినా ఇంతవరకు ఒంటరిగా షిరిడీ కూడా వెళ్లినవాణ్ని కాదు. ఇంకా మూడు రోజులుంది. టికెట్టు ముందుకు జరుపుకుని ఇంటికొచ్చేద్దామా అని ఆలోచిస్తున్నా. ఎందుకో చెప్తాను, ఓపికుంటే చదవండి.

మొదటి రోజు బ్రహ్మాండంగా ఉంది. ఎయిర్‌పోర్టు పేరే సువర్ణభూమి. అక్కడ రైలెక్కి ఫయా థాయ్‌లో దిగాను, 45 బాత్‌లు (బాత్ అంటే ఇక్కడి డబ్బు). రోడ్డు మీదకొచ్చాక ఏదో తేడాగా అనిపించింది, ఏంటో వెంటనే అర్థం కాలేదు. కాసేపటికి తెలిసింది, హారన్ లేదు. సిగ్నల్ దగ్గర అన్ని బండ్లున్నా ఒక్కడూ కొట్టట్లేదు. చెవుల్లో దూది పెట్టుకున్నట్టుంది. సాయంత్రం స్కైట్రైన్ స్టేషన్లో నడుస్తుంటే మైకులో ఏదో పాట మొదలైంది. చుట్టూ ఉన్న జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఫోన్ చూసుకుంటూ పోతున్న కుర్రాడు కూడా. నాకు గుండె జారిపోయింది. ఒక్కడినే రెండడుగులు వేసి, అందరూ నన్నే చూస్తున్నట్టనిపించి నేనూ ఆగాను. పాట అయిపోగానే ఎవరి దారిన వాళ్లు పోయారు. అదేంటో ఇప్పటికీ తెలియదు.

ఇవాళ పొద్దున రాజుగారి కోట చూద్దామని బయల్దేరాను. గోడ పక్కన నడుస్తుంటే ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన నవ్వుతూ దగ్గరికొచ్చాడు. ఏ దేశం అన్నాడు, ఇండియా అంటే చేతులు జోడించాడు. ఇవాళ లోపల పూజ ఉంది, మధ్యాహ్నం రెండు దాకా మూసేస్తారు, ఈలోగా వేరే గుళ్లు చూసి రా అని నా మ్యాపు మీద పెన్నుతో గీసిచ్చాడు. ఆయనే టుక్‌టుక్ (ఇక్కడి ఆటో) పిలిచాడు. మూడు చోట్లకు కలిపి 20 బాత్‌లు. మొదటిది చిన్న గుడి. అక్కడ ఇంకొకాయన ఊరికే కూర్చుని ఉన్నాడు, మాటల్లో ఫలానా బట్టల కొట్లో ఇవాళే ఆఖరి రోజు తగ్గింపు అన్నాడు. రెండోది ఆ కొట్టే. బయటికొచ్చేసరికి నేను సూటు కుట్టించుకోవడానికి 4,000 బాత్‌లు అడ్వాన్సు కట్టి ఉన్నాను. మొత్తం 7,500.

నాకు సూటెందుకండీ? రాజమండ్రి ఎండల్లో సూటేసుకుని ఏ గోదారిలో దూకను?

తిరిగి కోట దగ్గరికి వస్తే పొద్దుట్నుంచీ తెరిచే ఉందట. అప్పట్నుంచి ఎవరు నవ్వినా భయమేస్తోంది. హోటల్ కింద ఇడ్లీబండి లాంటి బండావిడ నవ్వితే కూడా పక్కకు తప్పుకుని వచ్చేశాను. రూములో కూర్చుని ఇది రాస్తున్నా.

కూకట్‌పల్లి_కుర్రోడు
20 బాత్‌లకు ఊరంతా తిప్పుతానంటే అక్కడే అనుమానం రావాలి కదా అన్నా. అంటే యాభై రూపాయల చిల్లర. ఆ డబ్బుకి మన ఆటోవాడు మీటర్ వైపు కూడా చూడడు.

కొల్లేటి_కొంగ
నాలుగు వేల బాతులా? అన్ని బాతులు మా ఊరి చేలల్లో కూడా దిగవు.

గోదారిగట్టు
నవ్వండి నవ్వండి.

సిలోం_సుబ్బారావు
పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నా, లెక్కల ఉద్యోగం. మీరు పడింది ఈ ఊళ్లో అన్నిటికంటే ముసలి మోసం. కోట మూసేశారు అనేది మీ నాన్నగారి కాలంలో వచ్చినవాళ్లు కూడా విన్న మాటే. కోట రోజూ పొద్దున 8:30కి తెరుస్తారు, మధ్యాహ్నం 3:30 దాకా టికెట్లిస్తారు. గేటు దగ్గర మైకులో ఇంగ్లీషులో చెప్తూనే ఉంటారు, బయటివాళ్ల మాట నమ్మకండి అని. కానీ వాళ్లు పట్టుకునేది గేటు దాకా రానివ్వకుండా కదా.

టుక్‌టుక్ అతనికి మీ 20 బాత్‌లతో పని లేదు. కొట్టుకి మనిషిని తెచ్చినందుకు పెట్రోలు కూపనో, కమిషనో ఇస్తారు. కొంతమందిని నగల కొట్టుకి తీసుకెళ్లి నీలాలు అంటగడతారు. ఇండియాలో రెట్టింపుకి అమ్ముకోవచ్చంటారు. మీది సూటుతో పోయింది. ఇది ఓదార్పు కాదు, నిజంగానే చెప్తున్నా. రాళ్లయితే లక్షల్లో పోయేది.

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. టూరిస్ట్ పోలీసు నంబరు 1155, ఇరవై నాలుగ్గంటలూ ఎత్తుతారు, ఇంగ్లీషు మాట్లాడతారు. రసీదు చేతిలో పెట్టుకుని ఫోన్ చేయండి. లేదా రేపు కొట్టుకెళ్లి సూటు వద్దు, అడ్వాన్సు ఇవ్వండి, లేకపోతే 1155కి చేస్తా అనండి. గొంతు మాత్రం పెంచకండి. ఇక్కడ కేకలేసినవాడికే తప్పుంటుంది.

ఇక సాయంత్రం పాట సంగతి. అది జాతీయ గీతం. పొద్దున 8కి, సాయంత్రం 6కి స్టేషన్లలో, పార్కుల్లో వేస్తారు, అందరూ నిలబడతారు. మీరు ఆగారు కాబట్టి పరువు దక్కింది.

నిప్పులాంటి_నిజం
ఎవరూ చెప్పని మాట నేను చెప్తా. బ్యాంకాక్ వట్టి డాబు. అక్కడ నవ్వు వ్యాపారం. పోయిన ఏడాది నాలుగు రోజులున్నా. కాలువల కంపు, ఫుట్‌పాత్ మీద మోటార్‌సైకిళ్లు, తలమీద గూడు అల్లుకున్నట్టు కరెంటు తీగలు. చల్లగా ఉండాలంటే మాల్‌లోకి పోవాలి. ఆ మాల్స్ హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. గోదారిగట్టు గారు, టికెట్టు మార్చుకుని వచ్చేయండి.

ఒంటిగా_లక్ష్మి
నిజం గారూ, మీరు నాలుగు రోజులూ మాల్‌లో కూర్చుంటే మాలే కనిపిస్తుంది మరి.

నేను ఒక్కదాన్నే రెండుసార్లు వెళ్లా. రాత్రి పదకొండింటికి ఫుట్‌పాత్ మీద నూడుల్స్ తింటూ కూర్చుంటే పక్కబల్ల వాళ్లు ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. మా ఊళ్లో సాయంత్రం ఏడింటికి పాల ప్యాకెట్‌కి వెళ్తే నలుగురు ఆరా తీస్తారు. అలా ఎవరికీ పట్టకుండా ఉండడం ఎంత హాయో మగవాళ్లకు చెప్పినా అర్థం కాదు. అక్కడ అంతా భద్రమే అని అనను. అర్ధరాత్రి ఒకసారి టాక్సీ అతను మీటర్ వేయనన్నాడు, దిగిపోయి ఇంకోటి ఎక్కా. మీటర్ 35తో మొదలవుతుంది, అది వేయనంటే వాడితో బేరం పెట్టుకోవద్దు. అంతే.

మీకు ఒక చిట్కా చెప్తా. తనంతట తాను వచ్చి ఇంగ్లీషులో పలకరించేవాడితో జాగ్రత్త. మీరే వెళ్లి దారి అడిగితే చెప్పేవాళ్లను నమ్మండి. ఆ రెండో రకం వాళ్లకు ఇంగ్లీషు రాదు, సిగ్గుపడతారు, కానీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లినంత పని చేస్తారు. మీ హోటల్ కింద బండావిడ మొదటి రకం కాదు. రేపు వెళ్లి జామకాయ కొనుక్కోండి.

గోదారిగట్టు
జామకాయే అమ్ముతోందని మీకెలా తెలుసు?!

ఒంటిగా_లక్ష్మి
ప్రతి సందులో ఒక జామకాయ బండి ఉంటుంది. ముక్కలు కోసి, ఉప్పు కారం పంచదార కలిపిన పొడి చిన్న పొట్లంలో ఇస్తారు. పంచదార ఒక్కటి తీసేస్తే అచ్చం మా బడి ముందర అమ్మిన జామకాయే.

బావగారి_బ్యాగు
అవన్నీ సరే. ఒక్కడివే బ్యాంకాక్ వెళ్లి గుళ్లు చూసొచ్చానంటే మీ బంధువుల్లో ఎవరైనా నమ్ముతారా?

గోదారిగట్టు
అదే అసలు బాధ. ఆఫీసులో సెలవు అడిగితే మేనేజరు కన్ను కొట్టాడు. మా బావమరిది ‘వెళ్లు వెళ్లు’ అని ఒక రకంగా నవ్వాడు. మా ఆవిడే నయం, టైగర్ బామ్ రెండు డబ్బాలు తెమ్మంది. ఆ నవ్వులు తప్పించుకుని వస్తే ఇక్కడ ఇంకో రకం నవ్వు.

కూకట్‌పల్లి_కుర్రోడు
పాస్‌పోర్టులో స్టాంపు పేజీ చింపేయ్ అన్నా. (వద్దు, జోకు. ఇంట్లో తెలియకుండా వెళ్లొచ్చి పేజీలు చింపి ముంబయి ఎయిర్‌పోర్టులో కేసు పెట్టించుకున్నవాళ్ల వార్తలు చదివాం.)

పెసరట్టు_పిచ్చి
మోసం సంగతి పక్కన పెట్టండి. తిండి ఏం తిన్నారు? మీరు శాకాహారా?

గోదారిగట్టు
శాకాహారం. నిన్న రాత్రి రొట్టె, అరటిపండు. ఇవాళ పొద్దున ఒక సెవెన్ ఇలెవెన్‌లో పాల ప్యాకెట్ కొన్నా. దాని మీద గడువు 2568 అని ఉంది. ఐదొందల ఏళ్లు పైన నిలవుండే పాలేంటా అని తాగకుండా ఫ్రిజ్‌లో పెట్టా.

సిలోం_సుబ్బారావు
అయ్యో, తాగండి మహానుభావా. అది బుద్ధుడి శకం. మన లెక్కకు 543 కలపాలి. 2568 అంటే 2025. పాలు పాలే, అమృతం కాదు.

కొల్లేటి_కొంగ
బాతులు, ఐదొందల ఏళ్ల పాలు. ఈయన చందమామ కథలోకి వెళ్లాడు.

పెసరట్టు_పిచ్చి
శాకాహారులకు రెండు మాటలు చాలు. మొదటిది ‘జే’. పసుపు జెండా మీద ఎర్ర అక్షరంతో ఉన్న కొట్టు కనపడితే కళ్లు మూసుకుని లోపలికి వెళ్లొచ్చు. మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు. ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు, అచ్చం మా అమ్మమ్మ కార్తీకమాసం వంట. రెండోది ‘మై సై నామ్ ప్లా’, అంటే చేపల రసం వేయొద్దు అని. ఊరికే వెజిటేరియన్ అంటే కుదరదు. పైకి కూరగాయలే కనిపిస్తాయి, లోపల నామ్ ప్లా ఉంటుంది. వాళ్లకది మనకు ఉప్పు లాంటిది, వేశామని కూడా అనుకోరు.

బొప్పాయి పచ్చికాయ తురిమి రోట్లో దంచే ‘సోమ్ తామ్’ చూస్తే మన పచ్చడి గుర్తొచ్చి నోరూరుతుంది. ఆగండి. అందులో ఎండు రొయ్యలేస్తారు.

నర్సింగ్_నల్లగొండ
ఎండు రొయ్యలేస్తరని భయపెడ్తున్నవా, ఊరిస్తున్నవా అక్కా? నేనైతే పొద్దుమాపు అదే తిన్న.

సిలోం_సుబ్బారావు
శాకాహారానికి పహురత్ అనే పేటకి కూడా వెళ్లొచ్చు. బట్టల బజారు, గురుద్వారా అక్కడే. పూరీ, చపాతీ, పప్పు దొరుకుతాయి. కానీ నా మాట వినండి, ఐదు రోజుల్లో ఒక్క పూటే అక్కడ తినండి. ఇంత దూరం వచ్చి చపాతీ కోసం వెతకడం నాకు నచ్చదు.

రిటైర్డ్_తెలుగుమాస్టారు
నాయనా, చర్చ ఆలస్యంగా చూశాను. ఆ ఊళ్లో నువ్వు పరాయివాడివని ఎవరన్నారు? వాళ్లు ఫోన్‌ని ‘థోరసప్’ అంటారు, అది దూరశబ్దం. టీవీ ‘థోరథట్’, దూరదర్శనమే. గురువుని ‘ఖ్రూ’, ఆచార్యుణ్ణి ‘ఆచాన్’, తిండిని ‘ఆహాన్’, వేళని ‘వేలా’ అంటారు. వారాలు చూడు: ఆథిత్, చన్, ఆంగ్‌ఖాన్, ఫుత్, ఫరుహత్, సుక్, సావ్. ఆదిత్య, చంద్ర, అంగారక, బుధ, బృహస్పతి, శుక్ర, శని.

ఇంకో సంగతి. అక్కడివాళ్లు తమ ఊరిని బ్యాంకాక్ అనరు, ‘క్రుంగ్ థేప్’ అంటారు, దేవతల నగరం. పూర్తి పేరు చదవాలంటే ఊపిరి పట్టాలి. అందులో మహానగరం, అమర, రత్న, అయోధ్య అన్నీ ఉన్నాయి. చివర్లో శక్రుడు, అంటే ఇంద్రుడు ఇస్తే విశ్వకర్మ కట్టాడని వస్తుంది. 1782లో మొదటి రాముడు అక్కడ రాజధాని పెట్టాడు, రాముడంటే ఆ వంశపు రాజుల బిరుదు. ఇప్పటి రాజు పదో రాముడు.

నిప్పులాంటి_నిజం
మాస్టారూ, మాటలు మనవే అయినంత మాత్రాన 4,000 బాత్‌లు తిరిగొస్తాయా?

రిటైర్డ్_తెలుగుమాస్టారు
రావు. కానీ ‘సవాదీ’ అన్నవాడు స్వస్తి అన్నాడని తెలిస్తే కాస్త ధైర్యంగా ఉంటుంది.

గోదారిగట్టు
మాస్టారూ, ఆ సవాదీ గురించే అడగాలి. హోటల్ రిసెప్షన్ అమ్మాయి దగ్గర నేర్చుకుని రెండు రోజులుగా అందరికీ ‘సవాదీ ఖా’ అంటున్నా. అందరూ ముసిముసిగా నవ్వుతున్నారు. అది కూడా మోసమేమో అనుకుంటున్నా.

సిలోం_సుబ్బారావు
హహహ. ‘ఖా’ ఆడవాళ్లు అనేది. మగాడు ‘ఖ్రాప్’ అనాలి. రెండు రోజులుగా మీరు మీసాలతో అమ్మాయిలా మాట్లాడుతున్నారు, నవ్వక ఏం చేస్తారు?

ఒంటిగా_లక్ష్మి
ఇప్పుడు తెలిసిందా, ఆ నవ్వుల్లో సగం మీ మీదే, మీ జేబు మీద కాదు!

కూకట్‌పల్లి_కుర్రోడు
చచ్చా నవ్వలేక. అన్నా టికెట్ మార్చకు ప్లీజ్, రోజూ అప్‌డేట్ ఇవ్వు.

డల్లాస్_దోశ
నాదొక సలహా. సుఖుంవిత్ రోడ్డులో హోటలైతే సోయ్ నంబర్లు చూసుకోండి. సోయ్ అంటే సందు. బేసి నంబర్లు ఒక వైపు, సరి నంబర్లు ఇంకో వైపు. కానీ ఎదురెదురుగా వరస కలవదు, 55కి ఎదురుగా 38 ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు 54 అంటే 55కి ఎదురే కదా అనుకుని, పెట్టె ఈడ్చుకుంటూ వానలో గంట నడిచా.

కొల్లేటి_కొంగ
వానా? వానొస్తే ఇంకో వేడుకుంది. ఫుట్‌పాత్ మీద వదులుగా ఉన్న పలక మీద కాలేస్తే కింది నీళ్లు పిచికారీలా ప్యాంటు మీదికొస్తాయి. సూటు వేసుకుని నడవకు గట్టూ.

గోదారిగట్టు
మూడో రోజు. టికెట్టు మార్చలేదు.

పొద్దున కిందికి దిగి బండావిడ దగ్గర జామకాయ కొన్నా. లక్ష్మి గారు చెప్పినట్టే పొట్లం ఇచ్చింది. ‘ఖ్రాప్’ అన్నా. ఆవిడ చప్పట్లు కొట్టింది. అంటే నిన్నా మొన్నా నేను ఆ సందులో కథానాయకుణ్ని అన్నమాట.

మెట్రోలో సనమ్ చాయ్ స్టేషన్‌లో దిగి నడిచా. మళ్లీ గోడ పక్కన ఒకడొచ్చాడు. నిన్నటాయన కాదు, ఇంకొకడు. ‘క్లోజ్డ్’ అన్నాడు. నేను దండం పెట్టి ముందుకు పోయా. గేటు దగ్గర మైకు వినిపించింది, సుబ్బారావు గారు చెప్పింది చెప్పినట్టు. టికెట్ 500. వాళ్ల దేశం వాళ్లకు ఉచితం. దానికి నాకేం బాధ లేదు, మన తాజ్‌మహల్ దగ్గరా మనకు తక్కువ, విదేశీయులకు ఎక్కువే కదా.

కోట లోపలి గుడిలో పచ్చల బుద్ధుణ్ని చూశా. పచ్చ కాదట, ఆకుపచ్చ రాయి. విగ్రహం రెండడుగుల పైన కాస్త, కానీ చాలా ఎత్తున కూర్చోబెట్టారు. ఋతువు మారినప్పుడల్లా రాజుగారే బట్టలు మారుస్తారట, ఏడాదికి మూడుసార్లు.

కానీ నన్ను కట్టిపడేసింది అది కాదు. గుడి చుట్టూ మండపం గోడల మీద రామాయణం మొత్తం గీశారు, 178 బొమ్మలు. వాళ్లు రామకియెన్ అంటారు. రెండు గంటలు నడిచా. రావణుడు ఆకుపచ్చ మొహంతో ఉన్నాడు. పేరు థోత్సకన్ అట, మాస్టారు చెప్పకముందే దశకంఠుడని పట్టేశా. ఒక బొమ్మ దగ్గర మాత్రం ఆగిపోయా. హనుమంతుడు తెల్లగా ఉన్నాడు, సరే. సముద్రంలో ఒక చేప అమ్మాయి చెయ్యి పట్టుకుని సరసాలాడుతున్నాడు! పక్కనున్న గైడ్ వేరేవాళ్లకు చెప్తుంటే విన్నా, ఆ అమ్మాయికి ఆయన వల్ల కొడుకట. నేను హనుమాన్ చాలీసా చదువుకునేవాణ్ని. చెవులు మూసుకున్నా.

రిటైర్డ్_తెలుగుమాస్టారు
చెవులు మూసుకోనక్కర్లేదు. ఆమె పేరు సువన్నమచ్ఛ, అంటే సువర్ణమత్స్య. రావణుడి కూతురు. వారధి పడగొట్టడానికి వచ్చి హనుమంతుణ్ని చూసి మనసు మార్చుకుంది. ఆ కొడుకు మచ్ఛాను. మన మైరావణ కథ మరిచావా? అందులో హనుమంతుడి చెమటచుక్క మింగిన చేపకు మత్స్యవల్లభుడు పుట్టాడు, పాతాళం గుమ్మంలో కాపలా ఉండి తండ్రితోనే తలపడ్డాడు. వాళ్ల కథలోనూ మచ్ఛాను కాపలా కాసేది మైయరాప్ దగ్గరే, అంటే మైరావణుడే. మనవాళ్లు చెమటతో సర్దేశారు, వాళ్లు పెళ్లి దాకా తీసుకెళ్లారు.

నర్సింగ్_నల్లగొండ
మాస్టారు ఒక్క మాటల తేల్చేసిండు.

నిప్పులాంటి_నిజం
సరే, బొమ్మలు బాగున్నాయని ఒప్పుకుంటా. నేను ఎండకు భయపడి సగంలో బయటికొచ్చా. సూటు సంగతేమైంది?

గోదారిగట్టు
చెప్తా. కోట నుంచి థా తియెన్ రేవుకెళ్లి పడవెక్కా, అవతల గట్టున వాట్ అరుణ్ గుడి. 5 బాత్‌లు. మా గోదారి రేవులో లాంచీ ఎక్కినట్టే ఉంది, అదే డీజిల్ వాసన. నది మాత్రం మా గోదారి ముందు పంట కాలువ. కానీ ఒక్క క్షణం ఖాళీగా ఉండదు, పడవల మీద పడవలు. తిరిగొచ్చేటప్పుడు నారింజ జెండా పడవ ఎక్కా, 16 బాత్‌లు. సన్యాసులు నిలబడడానికి వేరే చోటుంది. తెలియక అక్కడ నిలబడ్డా. ఒక పెద్దావిడ ఇంగ్లీషు ముక్క రాకుండానే నా చొక్కా కొస పట్టుకుని ఇవతలికి లాగింది, మా మేనత్త పెళ్లిళ్లలో లాగినట్టు. దిగేదాకా నన్ను కనిపెట్టుకునే ఉంది, నా రేవు రాగానే వేలు చూపించింది. ఈవిడ లక్ష్మి గారి రెండో రకం.

ఆ ధైర్యంతోనే కొట్టుకెళ్లా. గొంతు పెంచలేదు. 1155 అన్నా. కొట్టాయన నవ్వడం ఆపాడు. బట్ట కత్తిరించేశాం, డబ్బు తిరిగివ్వడం కుదరదు, కానీ మిగతా 3,500లో 2,000 తగ్గిస్తా, రేపు సాయంత్రానికి సూటు ఇస్తా అన్నాడు. ఒప్పుకోనా, పోరాడనా?

సిలోం_సుబ్బారావు
5,500కి సూటు. బట్ట మంచిదైతే నష్టం లేదు. ఒప్పుకోండి. నా అనుభవంలో అడ్వాన్సు పూర్తిగా వెనక్కి తెచ్చుకున్నవాళ్లు తక్కువ.

ఒంటిగా_లక్ష్మి
నేనొప్పుకోను. పోలీసులకు చెప్పాలి. మీరు సర్దుకుపోతే రేపు ఇంకొకర్ని పట్టుకొస్తాడు.

కూకట్‌పల్లి_కుర్రోడు
లక్ష్మి గారన్నదే రైట్. కానీ అన్నకి మిగిలింది రెండు రోజులు, స్టేషన్లో కూర్చుంటే ఒకటి పోతుంది.

డల్లాస్_దోశ
రెండూ చేయొచ్చు కదా. సూటు చేతికొచ్చాక ఫోన్ చేసి కొట్టు పేరు చెప్పేయండి.

కొల్లేటి_కొంగ
2,000 బాతులు వెనక్కి ఎగిరొచ్చాయి. వలసపక్షులు.

గోదారిగట్టు
నాలుగో రోజు. డల్లాస్ గారి మాట పాటించా. సూటు తీసుకుని, బయటికొచ్చి ఫోన్ చేసి కొట్టు పేరు, సందు, కోట దగ్గర పెద్దాయన పోలికలు అన్నీ చెప్పా. ఏం చేస్తారో తెలియదు, రాసుకున్నామన్నారు.

పొద్దున ఎరవాన్ గుడికెళ్లా. గుడంటే గుడి కాదు, పెద్ద కూడలిలో ఒక మూల బంగారు రంగు బ్రహ్మ. చుట్టూ మాల్స్, పైన స్కైట్రైన్, మధ్యలో నాలుగు తలల దేవుడు. 1956లో పక్కన హోటల్ కడుతున్నప్పుడు ఆటంకాలొస్తున్నాయని పెట్టారట. ఆఫీసు బ్యాగుతో వచ్చిన అమ్మాయిలు నాలుగు ముఖాలకూ వరసగా అగరొత్తులు వెలిగించి మొక్కుతున్నారు. కోరిక తీరినవాళ్లు డబ్బిచ్చి నాట్యం చేయిస్తారు, అక్కడే డాన్సర్లు కిరీటాలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. మనకు బ్రహ్మకి గుళ్లే లేవంటారు కదా, ఇక్కడ చోటు దొరక్క తోసుకుంటున్నారు.

రిటైర్డ్_తెలుగుమాస్టారు
మనకూ ఉంది నాయనా. గుంటూరు దగ్గర చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మ. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడు. రాజమండ్రి నుంచి ఎంత దూరం? బ్యాంకాక్ చూసొచ్చావు, ఇక అదీ చూడు.

నిప్పులాంటి_నిజం
మాస్టారు ఎక్కడికెళ్లినా చివరికి గుంటూరు తీసుకొస్తారు.

పెసరట్టు_పిచ్చి
ఏం తిన్నారో చెప్పరా?

గోదారిగట్టు
మధ్యాహ్నం సేన్ సేప్ కాలువ పడవ ఎక్కా. నిజం గారు కంపు అన్నది అబద్ధం కాదు. పడవ పక్కన తాళ్లు లాగితే ప్లాస్టిక్ పరదా పైకి లేస్తుంది, నీళ్లు మొహాన పడకుండా. నేను లాగడం ఆలస్యం చేశా, ఎదురుగా ఉన్నావిడ తిట్టింది. ఈ ఊళ్లో నన్ను తిట్టిన మొదటి మనిషి. భలే ఊరటగా అనిపించింది! దిగిన చోట పసుపు జెండా. అన్నం, పుట్టగొడుగుల కూర, వేయించిన టోఫు. కారం మాత్రం మనవాళ్లు కూడా దండం పెట్టాలి. తర్వాత మామిడిపండు, కొబ్బరిపాల అన్నం. అన్నంలో పంచదారేంటని ముందు మొహం మాడ్చా, తర్వాత రెండోది చెప్పా.

బావగారి_బ్యాగు
సూటు ఎలా ఉంది, ఫొటో?

గోదారిగట్టు
ఐదో రోజు, ఎయిర్‌పోర్టు. సూటులోనే ఉన్నాను.

ఎందుకంటే చేతిసంచి 7 కిలోలకు మించకూడదు. టైగర్ బామ్‌లు, ఎండు మామిడి ప్యాకెట్లు, సూటు కలిపితే 8.4. కౌంటర్లో అదనంగా కట్టమన్నారు. పక్కకెళ్లి చెప్పులు తప్ప అన్నీ మార్చుకుని వచ్చా. ఇప్పుడు 6.8. కౌంటర్ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వా.

చేతులు సరిగ్గా సరిపోయాయి, నడుము కొంచెం బిగువు. ఎయిర్‌పోర్టు లోపల క్షీరసాగర మథనం బొమ్మ ఉంది, దేవతలూ రాక్షసులూ వాసుకిని పట్టుకుని లాగుతున్నారు, పక్కనే నిలబడి ఫొటో దిగా. సూటూ చెప్పులూ. మా ఆవిడకు పంపితే, ‘పెళ్లప్పుడు కూడా ఇంత బాగా లేవు, ఎవరు కొనిచ్చారు?’ అని అడిగింది.

కూకట్‌పల్లి_కుర్రోడు
‘ఎవరు కొనిచ్చారు’ అంటే ప్రమాదం అన్నా, రసీదు దాచిపెట్టు.

సిలోం_సుబ్బారావు
లోపలి అతుకు రెండు వైపులా ఉందా? ఉంటే నడుము దగ్గర వదులు చేయించుకోవచ్చు. రాజమండ్రిలో ఏ దర్జీ అయినా చేస్తాడు.

గోదారిగట్టు
ఉంది. బోర్డింగ్ పిలుస్తున్నారు. ఇంకో అనుమానం, దీన్ని ఇంట్లో ఉతకొచ్చా, డ్రైక్లీనింగేనా? పడవలో కాలువ నీళ్లు పడిన చొక్కా దీంతో పాటే సంచిలో చుట్టి పెట్టా.

పెసరట్టు_పిచ్చి
డ్రైక్లీనింగే. ఉతికితే మీ అబ్బాయికి సరిపోతుంది.

కొల్లేటి_కొంగ
5,500 బాతులు కప్పుకుని విమానమెక్కినవాణ్ని ఇప్పుడే వింటున్నా. కిటికీ పక్కన కూర్చో గట్టూ, ఎగిరిపోగలవు.